గడ్డి ఎలుకలు వేసిన బస్సు రూటు

మంచు కరగగానే ఆర్విడ్ స్కోగెన్ ఇంటి ముందు పచ్చిక నవ్వులపాలైంది. చలికాలమంతా మంచు కింద గడ్డి ఎలుకలు మొదళ్లదాకా కొరికి, అడ్డదిడ్డంగా దారులు వేసుకున్నాయి. తప్పు ఆయనదే. మా మిన్నెసోటా మగాళ్లందరిలాగే, ఆఖరిసారి గడ్డి కోయాల్సిన వారం తుపాకీ భుజాన వేసుకుని జింకల వేటకు పోయాడు. జింక దొరకలేదు. ఎలుకలకు మాత్రం పొడుగు గడ్డి దొరికింది.

జూన్ మొదట్లో మనవరాలి హైస్కూలు చదువు పూర్తయిన విందు. ఊరంతా ఆ పచ్చిక మీదే పళ్లేలు పట్టుకుని నిలబడాలి. భార్య మార్లిస్ గడ్డి గీకే పళ్ల కర్ర, అదే రేక్‌నీ, విత్తనాల సంచీనీ తెచ్చి గుమ్మంలో పెట్టింది. ఎండుగడ్డి గీకి, మట్టి పోసి, విత్తనం చల్లి తడిపితే అయిపోయే పని. ఆర్విడ్ రేక్ ముట్టుకోలేదు. పక్కింటివాణ్ని కదా, ఆ ఎలుకల దారులు చూపించడానికి నన్ను పిలిచాడు.

"ఇటు రావయ్యా డెల్విన్! ఇది డిపో. ఇది పాలకేంద్రం మలుపు. అదిగో వంతెన. అచ్చం నా రూటే!"

ఉద్యోగమంతా స్కూలు బస్సు నడిపిన మనిషి. జనవరిలో మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మంచం మీద ఉండగానే బస్సు ఇంకొకరి చేతికి పోయింది. పిల్లలకు వెళ్లొస్తానని కూడా చెప్పలేకపోయాడు. ఆ బాధ ఆయన్ని లోపల తొలిచేస్తోందని నాకు తెలుసు. అయినా నవ్వు ఆగలేదు.

"మరి మా ఇల్లేదీ?"

"ఆ గడ్డి ఉండ కనపడట్లా? అదే."

అది ఎలుకలు పిల్లల్ని పెట్టిన గూడు. నాకు ఒళ్లు మండింది. "కాస్త పక్కకి జరపరాదూ?"

"రూటు మార్చడం నా చేతుల్లో లేదయ్యా. అర్జీ పెట్టుకో."

అప్పటినుంచి రోజూ పొద్దున్నే టోపీ పెట్టుకుని, చేతికర్రతో ఆ దారుల్లో నడిచేవాడు. ప్రతి మలుపులో ఆగేవాడు. ఓ రోజు పోస్ట్‌మ్యాన్ అడ్డం వచ్చాడు. స్కూలు బస్సు ఆగితే అందరూ ఆగాలన్నది మా దగ్గర చట్టం, ఆర్విడ్ కసిరాడు.

"పిల్లలెక్కుతుంటే బస్సు దాటి పోతావేంటయ్యా? బుద్ధుందా?"

పాపం, అతను క్షమించమని అడిగి, ఆర్విడ్ కదిలేదాకా ఉత్తరాలు పట్టుకుని నిలబడ్డాడు. మా ఊళ్లో మర్యాద అంత ముదిరిపోయింది.

చివరికి మార్లిస్ విరుచుకుపడింది.

"నువ్వు మంచంలో ఉంటే ఆ ఎలుకలు డ్యూటీ చేశాయి, సరే! జీతం కూడా ఇస్తావా? విందుకొచ్చినవాళ్లు బురదలో నిలబడి తినాలా? మనవరాలు నీ బస్సెక్కి చదువుకున్న పిల్లయ్యా!" గొంతు తగ్గించింది. "పోనీ, ఆఖరి ట్రిప్పు వేసెయ్."

మర్నాడు ఆర్విడ్ రేక్ అందుకున్నాడు. డిపో నుంచి మొదలుపెట్టి, దారి పొడుగునా ఎండుగడ్డి గీకుతూ, "ఎక్కండి, ఎక్కండి, తోసుకోకండి" అంటూ కదిలాడు. వెనకాల నేను మట్టి పోశాను. నా వెనక మార్లిస్ విత్తనం చల్లింది. మేం దాటిన చోటల్లా దారి మాయమైపోయింది. నవ్వుదామనుకున్నాను కానీ నవ్వు రాలేదు.

మేపుల్ చెట్టు కింద, దారి ఆగిపోయిన చోట, ఆర్విడ్ ఆగాడు. అది బడి అట. టోపీ తీశాడు. ఖాళీ మట్టి వైపు తిరిగాడు.

"దిగండి పిల్లలూ, మెల్లిగా," అన్నాడు. "సాయంత్రం నేను రాను."