ఎలుక కొరికిన తీగె

మా ఇంట్లో మొట్టమొదట కరెంటు కొట్టింది మా ఆయనకే. అప్పటికి మా పెళ్ళై రెండేళ్ళు. నాందేడులో మిల్లుకు దగ్గరగా, మగ్గం నేసే మా సాలోళ్ళు ఎక్కువగా ఉండే గల్లీలో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాం. ఆయన మిల్లు స్టోరులో గుమాస్తా. ఇంటాయన కొత్తగా కరెంటు పెట్టించి ముందు గదిలో ఒక బల్బు వేలాడదీయించాడు. గల్లీలో అందరూ ఆ వెలుతురు చూసి మురిసిపోతే, ఆయనకు మాత్రం ఆ బల్బు తీసేసి అక్కడ ఇంకేం తగిలించొచ్చా అన్న ధ్యాస.

ఒకరోజు స్టూలెక్కి బల్బు ఊడదీసి, మరలు తిప్పే పేచకస్సు లోపల పెట్టాడు. స్టూలు, మనిషి, పేచకస్సు ముగ్గురూ ఒకేసారి కింద పడ్డ చప్పుడు. నేను పిండి చేతులతో పరుగెత్తుకొచ్చేసరికి ఆయన నేలమీద కూర్చుని తన చేతిని తానే చూసుకుంటూ నవ్వుతున్నాడు.

"మోచెయ్యి దాంక గుంజిందే! ఎవడో లోపటికెల్లి పట్టి గుంజినట్టే!"

బొటనవేలి మీద జొన్నగింజంత తెల్లటి మచ్చ పడింది. దాన్ని ఆ సాయంత్రం గల్లీ అంతా చూపించుకొచ్చాడు. మా ఆయనకు మా పెళ్ళినాడు కూడా అంత సంతోషం నేను చూడలేదు.

మా ఊళ్ళోనే వజీరాబాదు పేటలో గడియారాలు బాగుచేసే ఒక మరాఠీ ఆయనతో స్నేహం కలిసింది. ఆయన్ని భావు అనేవాడు మా ఆయన, మరాఠీలో అన్న అని. ఇద్దరికీ ఒకటే పిచ్చి: రేడియో కొనడం కాదు, సొంత చేతులతో చెయ్యాలి. పాత సామాన్ల బజారులో ఎవరిదో పాడైపోయిన రేడియో దొరికితే, దాని ఇనుప రేకు, రెండు మూడు వాల్వులు ఊడదీసి తెచ్చుకున్నారు. రోజూ సాయంత్రం, నిజాం రాజ్యంలో సెలవురోజైన శుక్రవారం పొద్దంతా మా ముందు గదిలోనే మకాం. బల్బు గిన్నెలోంచి ఒక జంట తీగె కిందికి వేలాడేది. ఆ తీగె చివర వాళ్ళ డబ్బా.

వాళ్ళ మాటల్లో సగం షాకుల ముచ్చట్లే. కరెంటు తీసేసిన తర్వాత కూడా కండెన్సరు తగిలి భావుకు పన్ను పన్ను కొట్టుకున్నదట.

"తీగె పీకినంక గూడ లోపల దాసుకుంటది భావు, మా అత్త లెక్క," అని మా ఆయన అంటే ఇద్దరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. తడి చెయ్యి పెట్టొద్దనీ, ఎండిన కట్టెలోంచి కరెంటు పోదనీ, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని పనిచెయ్యాలనీ చెప్పుకునేవాళ్ళు. నేను తలుపు వెనక బియ్యం ఏరుకుంటూ అన్నీ వినేదాన్ని. వాళ్ళకు ఆ దెబ్బలు యుద్ధం నుంచి తెచ్చుకున్న గాయాల్లా ఉండేవి. నాకు ఒళ్ళు మండేది. పొయ్యి దగ్గర నాకు కాలని వేలు లేదు, దాన్ని ఎవరూ చూపించమని అడగలేదు.

అది చిన్న కుళ్ళు. అసలుది తర్వాత వచ్చింది.

భావు ఒక ఇంగ్లీషు పుస్తకం సంపాదించాడు. రేడియో ఎట్లా చెయ్యాలో బొమ్మలతో సహా ఉన్నది. వాళ్ళిద్దరికీ ఇంగ్లీషు అంతంత మాత్రం. అందుకని భావు తన చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆమె చిన్నతనంలోనే భర్త పోయిన మనిషి. ఆడపిల్లల మరాఠీ బడిలో పంతులమ్మ. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. గల్లీలో అందరూ ఆమెను తాయి, అంటే అక్క, అనేవాళ్ళు. మా ఆయనా అట్లాగే పిలిచాడు. వాళ్ళు తెలుగువాళ్ళు ఎక్కువున్న కుండల్‌వాడిలో పెరిగినవాళ్ళు కాబట్టి తెలుగు మాలాగే మాట్లాడేది. అది కూడా నాకు నచ్చలేదు. ఆమెకు తెలుగు రాకపోయి ఉంటే నాకు కొంచెం మిగిలేది అనిపించేది.

తాయి పుస్తకం చదివి చెప్పేది. కొన్నాళ్ళకు చదవడంతో ఆగలేదు. తీగెలు పట్టుకునేది, తగరం అతికేది. "తాయి చెయ్యి వణకది," అనేవాడు ఆయన. హైదరాబాదు నుంచి నాకని తెచ్చిన నీలిపూల కప్పులో ఆమెకు చాయ పోయించాడు. నేను పలకరిస్తే సగంలో ముఖం తిప్పుకునే మనిషి, ఆమె ప్రశ్న అడిగితే చేతిలో పని ఆపి జవాబు చెప్పేవాడు. వాళ్ళన్న పక్కనే ఉండేవాడు, నేను తలుపు దగ్గరే ఉండేదాన్ని, తప్పుగా ఒక్క చూపు కూడా నేను పట్టుకోలేకపోయాను. పట్టుకోలేకపోవడం నన్ను ఇంకా ఏడిపించింది. ఏదైనా ఉంటే అరిచి గోల చేసేదాన్ని. వాళ్ళిద్దరూ ఒక డబ్బాలోకి తలలు వంచి చూస్తున్నారని గల్లీలో ఎవరికి చెప్పుకోను?

ఒకరోజు తాయి అట్టగొట్టానికి రాగితీగె చుట్టడానికి కూర్చుంది. దాన్ని కాయిలు అనేవాళ్ళు. వరసలు దగ్గర దగ్గరగా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా రావాలి. ఆమె చుట్టింది చూస్తే మధ్యమధ్య సందులు. నేను సాలోళ్ళ పిల్లను. ఆరేళ్ళప్పటినుంచి రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టినదాన్ని. నా చేతి కింద దారం ఎన్నడూ వదులు పోలేదు. ఆ గదిలో ఆ పని వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే. నన్నెవరూ పిలవలేదు.

మర్నాడు వాల్వు మీద దుమ్ము కనబడితే కొంగుతో తుడిచాను. అప్పుడే ముగ్గురూ లోపలికి వచ్చారు.

"ముట్టద్దని ఎన్నిసార్లు చెప్పాలె? నీకేమెరుక గివి? పొయ్యికాడ పని సూస్కోపో!" అని ఆయన ఆమె ముందరే అరిచాడు.

తాయి తల దించుకుంది. ఆమె నవ్విందని నేననుకున్నాను.

ఆ గురువారం పొద్దున ముందు గది ఊడుస్తుంటే డబ్బా వెనక రబ్బరు తునకలు కనబడ్డాయి. ఎలుక పని. వంగి చూశాను. జంట తీగె ఇనుప రేకులోకి దూరే చోట రబ్బరంతా కొరికేసి ఉన్నది. లోపలి రాగి మెరుస్తూ రేకును ఆనుకుని ఉన్నది. తలుపు వెనక విన్నవాటితో నాకు అర్థమైంది: దానికి కరెంటు తగిలిస్తే రేకంతా కరెంటే.

తునకలు చేటలోకెత్తి బయట పారేశాను. ఆ సాయంత్రం మిల్లులో పని పడి ఆయన రాత్రికిగాని రాలేదు, డబ్బా ఎవరూ ముట్టలేదు. ఆయనకు అన్నం పెట్టాను, మజ్జిగ పోశాను, ఈ మాట మాత్రం చెప్పలేదు. నీకేమెరుక అన్నాడుగా అని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. ఆమెకు ఒకసారి తగలాలి, అందరి ముందు ఆ వణకని చెయ్యి వణకాలి అని నాకున్నది.

శుక్రవారం పొద్దున నేల అలికాను. వాళ్ళు వచ్చేసరికి ఇంకా పూర్తిగా ఆరలేదు. భావు పాన్ తెస్తానని బయటికి పోయాడు. మా ఆయన బల్బు గిన్నెలో తీగె తగిలించాడు. తాయి అప్పుడే కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి కూర్చుంది. డబ్బాను తనవైపు తిప్పుకోవడానికి రేకు అంచు పట్టుకుంది.

అరుపేమీ రాలేదు. అరుస్తుందనుకున్నాను నేను. ఆమె గొంతులోంచి గర్రుమని ఒక శబ్దం వచ్చింది. వేళ్ళు రేకు చుట్టూ బిగుసుకుపోయాయి. పళ్ళు బిగిసి మెడనరాలు తేలాయి. ఆయన "తాయీ!" అని ఆమె మోచెయ్యి పట్టుకుని లాగబోయాడు. ఆయన చెయ్యీ అక్కడే అంటుకుపోయింది. ఇద్దరూ ఒకే వణుకు వణుకుతున్నారు.

ఆ క్షణంలో కూడా, చెప్పడానికి సిగ్గేస్తుంది, నాకు మొదట తట్టింది, ఒకటే కరెంటు ఇద్దరిలోంచీ పోతున్నదని. నాకూ ఆయనకూ మధ్య అట్లాంటిది ఎన్నడూ పోలేదని.

తర్వాత ఆయన కళ్ళు చూశాను. గుడ్లు పైకి తేలుతున్నాయి. దండెం మీద బట్టలెత్తే ఎండుకట్టె తలుపు మూలన ఉన్నది. దాన్ని అందుకుని వేలాడే తీగెకు మెలేసి, బలం కొద్దీ గుంజాను. తీగె బల్బు గిన్నెలోంచి తెగి వచ్చింది. ఇద్దరూ చెరోవైపు పడ్డారు.

ఆయన ముందు లేచాడు. లేస్తూనే అన్న మాట మళ్ళీ "తాయీ!" అనే. నేను కట్టె పట్టుకుని నిలబడే ఉన్నాను. నా వైపు చూడలేదు.

ఆమె కాసేపటికి కళ్ళు తెరిచింది. అరచేతిలో రేకు అంచు తగిలిన చోట చర్మం తెల్లగా కాలి లోపలికి దిగిపోయింది. భావు వచ్చి చూసి ఏడ్చాడు. డాక్టరు దగ్గరికి టాంగాలో తీసుకెళ్ళారు. సాయంత్రానికి గల్లీ ఆడవాళ్ళంతా మా గడపలో.

"మొగని పానం కాపాడినవ్ బిడ్డా! గంత తెలివి ఎక్కడిదే నీకు?" అని ఒక ముసలమ్మ నా తల నిమిరింది. నీళ్ళు తెస్తానని ఆ చెయ్యి కిందినుంచి లేచి లోపలికి పోయాను.

మా ఆయన వారం రోజులు నాతో మెత్తగా మాట్లాడాడు. కానీ వచ్చిన ప్రతి మనిషికీ ఈ ముచ్చట చెప్పేటప్పుడు "నేనూ, తాయీ" అని మొదలుపెట్టేవాడు. "మా ఇద్దరికీ గొట్టింది," అనేవాడు. కట్టె పట్టుకున్న నేను కథ చివర ఒక ముక్కలో వచ్చి పోయేదాన్ని. చేసిన పాపం గుండెల్లో ఉన్నా, ఆ "ఇద్దరికీ" అన్న మాట వింటే మళ్ళీ మంటే.

పదిహేను రోజులకు, ఆయన మిల్లులో ఉన్న మధ్యాహ్నం, తాయి ఒక్కతే వచ్చింది. చేతికి కట్టు ఉన్నది. డబ్బా వెనక్కి పోయి వంగి చూసి, గోడకానుకుని కూర్చుంది. నన్ను వహిని అనేది, వదిన అని.

"వహినీ, ఎలుక గీ తీగెను ఒక్క పూటల కొరకలే. నువ్వు దినాం ఊడుస్తవ్. నీ కంట్ల పడలే?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. కట్టు చూసి ఆగిపోయింది.

"పడ్డది," అన్నాను. "గురువారమే."

"మరి చెప్పలే?"

"చెప్పలే. నీకు తగలాలె అనుకున్న."

ఆమె కట్టున్న చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. "సచ్చిపోతుంటిని గద వహినీ."

"గట్లయితదని తెల్వది. వాళ్ళు నవ్వుకుంట చెప్పుకునేటోళ్ళు గద. నీకూ జర గుంజి ఇడిసిపెడ్తదనుకున్న." అంటూనే ఏడుపు ఆగలేదు నాకు. "ఆయనకు నేనే చెప్త. ఇయ్యాలే చెప్త."

"వద్దు!" అంది తాయి గట్టిగా. "చెప్తే ఆయన డబ్బా బయట పారేస్తడు. మా అన్న నన్ను గడప దాటనియ్యడు. బడి, ఇల్లు, గీ డబ్బా. నాకున్నది గింతే."

"నన్ను మాఫ్ చేసినవా?"

"లేదు," అంది. "ఇంకా నొస్తున్నది." డబ్బా వైపు చూపించి, "నా చెయ్యి పనికి రాదు. కాయిలు మళ్ళ చుట్టాలె. నువ్వు కండెలు చుడ్తవ్ గద, కూసో," అంది.

మా ఆయన డబ్బాకు కొత్త తీగె వేశాడు. తాయి బడికి ఎండాకాలం సెలవులు కాబట్టి ఆ మధ్యాహ్నాలు నేను చుట్టాను, ఆమె లెక్కపెట్టింది. వాల్వు పేర్లు చెప్పింది. కండెన్సరు ముట్టే ముందు కట్టెపిడి పేచకస్సుతో దాని రెండు కొనలూ కలిపి, లోపల దాచుకున్నది కక్కించాలని నేర్పింది. ఒకరోజు నేను ఆ పని మరిచిపోతే నాకూ కొట్టింది. భుజం దాకా సూదులు దిగి, కాసేపు ఊపిరి ఆడలేదు. తాయి నీళ్ళిచ్చింది. ఇద్దరం నవ్వలేదు. ఆ సంగతి నేను గల్లీలో ఎవరికీ చెప్పుకోలేదు.

ఎండాకాలం పోకముందే డబ్బా పలికింది. ముందు ఈలలు, బరబరలు, తర్వాత ఎక్కడిదో ఒక ఆడగొంతు పాట. భావు చప్పట్లు కొట్టాడు. మా ఆయన కాయిలు వైపు చూపిస్తూ, "గీ చుట్టుడు సూడు భావు! తాయి చెయ్యంటే గిది!" అన్నాడు.

"నేను కాదు. వహిని చుట్టింది," అంది తాయి.

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వా? నిజమేనా?"

"మరి గింత సాపుగ మీల ఎవలన్న చుడ్తరా?" అన్నాను.

భావు నవ్వాడు. మా ఆయన కాయిలు మళ్ళీ చూశాడు, నన్ను మళ్ళీ చూశాడు. నేను ఎదురుచూసిన చూపు అదే. అయినా తర్వాతి నిమిషంలో, "తాయీ, ఇప్పుడు ఇంకో వాల్వు కలిపితే ఎట్లుంటది?" అని ఆమెనే అడిగాడు. నా పాత కుళ్ళు మళ్ళీ తలెత్తింది. ఒక్క పాటతో పోయే జబ్బు కాదది.

ఆ మరుసటి ఏడు తాయికి ఉమ్రి అనే ఊరి బడికి బదిలీ అయింది. ఆమె సామాను టేషనుకు చేర్చి వచ్చిన రోజు నాకు ఇల్లు విశాలంగా అనిపించింది. రెండు రోజులు. మూడోనాటి మధ్యాహ్నం డబ్బా ముందు ఒక్కదాన్నే కూర్చుంటే ఏమీ తోచలేదు.

నెల తర్వాత ఉత్తరం వచ్చింది. నాకప్పటికి అక్షరం రాదు. ఆయన విప్పి, మొదటి ముక్క చదివి ఆగిపోయాడు. నాకు రాసిన ఉత్తరమది. ఉమ్రిలో ఇంకా కరెంటు రాలేదట, బడిపిల్లల కోసం కరెంటు లేకుండా పలికే చిన్న డబ్బా చేస్తున్నదట, సన్నటి రాగితీగె దొరికితే పంపమని, నేర్పినవి మరిచిపోవద్దని. ఆయన గబగబా చదివి, కాయితం వెనక్కి తిప్పి చూశాడు.

"నాకేం రాయలే?"

"కడదాంక సదివినవా?"

"సదివిన. అందరికీ నమస్కారం అని ఉన్నది."

"మరి అండ్ల నువ్వు గూడ ఉన్నవ్," అన్నాను.

ఉత్తరం నా చేతికిచ్చి ఆయన అన్నానికి కూర్చున్నాడు. అన్నం కలిపి, ఉత్తరం వైపే చూశాడు. "ఏం నేర్పింది నీకు? ఎప్పుడు నేర్పింది?" అని రెండుసార్లు అడిగాడు. ఆయన ముఖం చూస్తే నాకు జాలి పడాలనిపించింది. పడలేదు. వేడి వేడి అన్నం ఇంకో గరిటె వేసి, రేపు బజారుకు పోయినప్పుడు సన్నటి రాగితీగె తెమ్మని చెప్పాను.