ఓంకారంతో మైకు టెస్టింగ్

ఈ రోజు సాయంత్రం మా కాలనీ గుడిలో ఆడవాళ్ల భజన. నోరు తెరిస్తే చాలు, మైకు కుయ్‌మని ఈల వేస్తోంది. పోయినసారి ఇట్లాగే అయితే మైకు తీసేశారు. మా పాట రెండో వరుసలో కూర్చున్నవాళ్లను దాటి వినిపించలేదు.

సౌండు చూసుకునే మా తమ్ముడు మోహన్, ఒక్కో స్వరానికి ఒక్కో మీట ఉండే ఈక్వలైజర్ ముందు కూర్చున్నాడు.

"అక్కా, ఒక్కటే స్వరం పట్టి ఆపకుండ అను. ఏ మీట లేపితే ఈలేస్తదో చూసి, దాన్ని దించుత."

నాకు చేతనైన ఒక్క స్వరం ఓంకారం. కళ్లు మూసుకుని అందుకున్నాను. మీటలు లేస్తున్నాయి, దిగుతున్నాయి, ఈల సన్నబడుతోంది. కాసేపటికి నా గొంతు చాలా పెద్దగా వినిపించింది. కళ్లు తెరిచి చూస్తే గుడిలో అందరూ చేతులు జోడించి నిలబడి ఓం అంటున్నారు. పూజారిగారు గంట కూడా అందుకున్నారు.

"టెస్టింగ్ జెయ్యమంటే పూజనే షురూ జేసినవేందక్కా?"

"ఆపకుండ అనమన్నది నువ్వే గదరా."

ఈల మాత్రం మళ్లీ రాలేదు. చివరి వరుసలో కూర్చునే మా పెద్ద వదిన భజన అయ్యాక వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఇయ్యాల ఒక్కొక్క మాట ఇనవడ్డది. అన్నిట్ల మొదటి పాటనే మంచిగుండె."

మొదటిది పాట కాదని నేను చెప్పలేదు. మీ దగ్గర మైకు ముందు ఇంకా "హలో, హలో" అనే అంటున్నారా?