హయాత్ సాయిబు చూసిన శని

కనిగిరి చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికి పరుపు కావాలన్నా హయాత్ సాయిబుకి కబురు పెట్టేవాళ్లు. దూదేకులవాళ్లలో అతని చెయ్యి తేలికని పేరు. భుజాన విల్లు తగిలించుకుని వచ్చి, వసారాలో పాత పరుపు విప్పి, గడ్డకట్టిన దూదిని నారి మోగిస్తూ ఏకితే, మధ్యాహ్నానికల్లా మబ్బు దిగినట్టు వసారా నిండిపోయేది. పెళ్లిళ్ల కాలంలో చిలకలూరిపేట మిల్లుల నుంచి కొత్త దూది తెప్పించేవాడు. "ఏరా సాయిబూ, పోయినేడు దూది కుట్టావా, రాళ్లు కుట్టావా?" అని ఎవరన్నా ఎగతాళి చేస్తే, "రాళ్లయితే బారెడు పొద్దెక్కిందాకా ఎట్టా పడుకుంటన్నావురా?" అని అంతకంటే గట్టిగా అరిచేవాడు.

ఊళ్లో అతనికి ఇంకో గౌరవం ఉండేది. రంజాను నెల ముగిసే సాయంత్రం నెలవంకను అందరికంటే ముందు చూసేది అతనే. మసీదు ముందు జనమంతా పడమటికి తిరిగి నిలబడేవాళ్లు. ఎర్రటి ఆకాశంలో వెంట్రుకంత గీతను అతని కళ్లు పట్టుకునేవి. "అదిగో" అని వేలు చూపించేదాకా అది ఎవరికీ కనపడేది కాదు. చూపించాక చిన్నపిల్లలకు కూడా కనపడేది.

నలభై దాటకముందే అతని మోకాళ్లు పట్టేశాయి. తర్వాత నడుము. వంగి చేసే పని కాబట్టి అనుకున్నాడు. భార్య ఖుర్షిదా రాత్రిపూట నూనె కాచి మర్దనా చేసేది. నడుము వంగింది, వీపు వంగింది, చివరికి మెడ కూడా ముందుకు వాలి అక్కడే బిగుసుకుపోయింది. ఎవరో చెబితే ఇద్దరూ ఒంగోలు వెళ్లారు. డాక్టరు ఎక్సరే తీయించి లైటుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"మీరు తాగేది ఏం నీళ్లు?"

"బోరింగు నీళ్లండి. మా ఇంటి ముందరే. ఉప్పగా కూడా ఉండవు, మంచి నీళ్లు."

"మీ ఊళ్లో పిల్లల పళ్లు ఎలా ఉంటాయి?"

పక్కన నిలబడ్డ ఖుర్షిదా కొంగుతో నోరు కప్పుకుంది. ఆమె పళ్ల మీద కూడా చిన్నప్పటి నుంచీ గోధుమరంగు చారలే.

"ఆ నీళ్లలో ఫ్లోరైడు ఉంది. అదే ఎముకల్లో చేరింది. చేరినదాన్ని తీసేసే మందు లేదు. ఇకమీదట వేరే నీళ్లు తాగండి."

వేరే నీళ్లంటే ట్యాంకరు. అది ఎప్పుడొస్తుందో డ్రైవరుకే తెలియదు. వచ్చినరోజు బిందెలతో ఒకరినొకరు తోసుకునేవాళ్లు. మిగతా రోజుల్లో ఎవరికైనా మళ్లీ ఆ బోరింగే గతి.

అప్పటి నుంచి హయాత్‌కి కనపడేదంతా నేలే. మనుషుల్ని పాదాల్ని బట్టి, చెప్పుల్ని బట్టి పోల్చుకోవడం నేర్చుకున్నాడు. విల్లు పట్టుకోలేక పని మానేశాడు. వెల్లకిలా పడుకోవడానికి వీపు ఒప్పుకోదు, పక్కకి తిరిగి పడుకుంటే గోడ. బడిలో మధ్యాహ్న భోజనం పెట్టడం మొదలయ్యాక ఖుర్షిదా అక్కడ వంటకి కుదిరింది. ఇల్లు దాంతోనే గడిచేది.

ఒక రంజాను సాయంత్రం అలవాటు కొద్దీ అతనూ మసీదు దగ్గరికి వెళ్లాడు. జనంలోంచి "అదిగో, అదిగో" అని కేకలు వినపడ్డాయి. అందరి మడమలూ ఒక్కసారి పైకి లేచాయి. హయాత్ ఆ మడమల్నే చూస్తూ నిలబడి, ఇంటికి వచ్చేశాడు. మర్నాడు నెలవంక ఇంకాస్త పైన ఉందని చూసి, ఖుర్షిదా వాకిట్లో పెద్ద పళ్లెం పెట్టి నీళ్లు పోసింది.

"ఇందులో చూడు. కనపడతంది."

అతను చూశాడు. నీళ్లలో సన్నటి వెలుగు వణుకుతోంది. కాలితో పళ్లేన్ని తన్నాడు.

"ఈ నీళ్లే గదే నన్నిట్టా చేసినయ్. మళ్లీ వీటిల్లోనే చూడమంటావా?"

ఖుర్షిదా పళ్లెం తీసి లోపల పెట్టింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆకాశం మాట ఎవరూ ఎత్తలేదు.

రెండువేల ఐదులో, చలి ఇంకా పోకముందే, అదే ఆవరణలో ఉన్న హైస్కూలుకి జ్యోతిర్మయి అనే సైన్సు టీచరు టెలిస్కోపు తెచ్చింది. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం అమ్మే చిన్నది, మూడు కాళ్ల స్టాండుతో. వంటపాత్రలు కడిగి ఇంటికి పోబోతున్న ఖుర్షిదా ఆగి చూసింది. టీచరు గొట్టాన్ని తూర్పు వైపు కొండ మీదికి ఎత్తి, తానేమో తల వంచి కిందికి చూస్తోంది.

"పైన చూడాలంటే మీరు కిందకి వంగారేంది టీచరుగారూ?"

జ్యోతిర్మయి నవ్వి, గొట్టం చివర మోచెయ్యిలా ఉన్న ఒంపు చూపించింది. "ఇందులో అద్దం ఉందమ్మా. పైనుంచి వచ్చే వెలుగుని మన కంటి వైపుకి తిప్పుతుంది. మెడ ఎత్తాల్సిన పని లేదు."

ఖుర్షిదా ఆ ఒంపు మీద చెయ్యి పెట్టి తడిమింది.

"మా ఆయన్ని తీసుకురావచ్చా అండీ?"

ఇంటికెళ్లి చెబితే హయాత్ కసిరాడు. "నేను జనానికి వేడుకా? అద్దాలూ వద్దు, నీళ్లూ వద్దు." ఆమె చీకటి పడే వేళకి అతని చేతికర్ర తెచ్చి ముందు పెట్టి, గడపలో నిలబడింది. అతను ఆ పాదాల్నే కాసేపు చూశాడు. అవి కదల్లేదు. చివరికి లేచాడు.

బడి ఆవరణలో పిల్లలు వరసలో ఉన్నారు. ఆ సాయంత్రం చూపిస్తున్నది శని అని తెలిసి పెద్దవాళ్లు చాలామంది వెనక్కి తగ్గారు. ఖుర్షిదాతో పాటు వంటచేసే వెంకటేశ్వరమ్మ చెంపలేసుకుంది.

"కోరి కోరి శని మొహం చూస్తామా టీచరుగారూ? ఆయన మన వంక చూడకుండా ఉంటే అదే పదివేలు. సాయిబూ, నువ్వూ వద్దు, ఇంటికి పో."

"నాకు పట్టాల్సిన శని ఎప్పుడో పట్టిందమ్మా," అన్నాడు హయాత్. "ఇంక కొత్తగా పట్టేదేముంది?"

టీచరు స్టాండు కాళ్లు లోపలికి నెట్టి టెలిస్కోపుని బాగా కిందికి దించింది. హయాత్ రెండు చేతులూ కర్ర మీద ఆనించి, నేల వైపు వాలిన తలని వాలినట్టే ఉంచి, కన్ను ఆనించాడు. ముందు ఏమీ లేదు, నలుపు. తర్వాత ఆ నలుపులో ఒక మూల నుంచి ఏదో నెమ్మదిగా జారుతూ వచ్చింది. మెంతిగింజంత ఉంటుందేమో. లేత పసుపు. దాని చుట్టూ కోలగా ఒక వలయం. వలయానికీ గింజకీ మధ్య ఇంత నల్లటి సందు.

అతను చప్పున పక్కకి జరిగాడు.

"లోపల బొమ్మ అంటించారా?"

"లేదు, మళ్లీ చూడండి." టీచరు గొట్టం ముందు అరచెయ్యి అడ్డం పెట్టింది.

"పోయింది."

చెయ్యి తీసింది.

"వచ్చింది," అన్నాడు, ఈసారి మెల్లగా.

అది జారి పక్కకి పోతుంటే టీచరు గొట్టాన్ని కాస్త కదిపింది. మళ్లీ జారింది, మళ్లీ కదిపింది. వెనక పిల్లలు గొణుక్కోవడం మొదలుపెట్టారు. హయాత్ వినిపించుకోలేదు.

"ఎక్కడా తగల్లేదే," అన్నాడు. "చుట్టూరా ఉంది గానీ దాన్ని ముట్టుకోవటంలా. ఏం పట్టుకుని నిలబడింది?"

టీచరు చెప్పింది: అది గట్టి వలయం కాదని, లెక్కలేనన్ని మంచుగడ్డలు తిరుగుతున్నాయని. అతను ఊ కొట్టాడు. ఆ తర్వాత, "టీచరమ్మా, ఇది పైన యాడుంది?" అని అడిగాడు.

కొండ పక్కన, తూర్పున, కాస్త పైకి అని ఆమె చూపించబోయి, చూపించినా లాభం లేదని గుర్తొచ్చి ఆగింది. అప్పుడు ఖుర్షిదా తలెత్తి వెతికి, మొగుడి చెయ్యి పట్టుకుని, అతని భుజం ఎంతవరకు లేస్తుందో అంతవరకు ఎత్తి, వేలిని అటు తిప్పింది. "ఇటు. ఉత్త చుక్కలాగుంది. నువ్వు చూసింది నాకేం కనపట్టంలా." అతను వేలు అలాగే ఉంచి, కింద తన పాదాల్ని చూస్తూ నిలబడ్డాడు.

ఆ నెలలోనే, అమావాస్య వెళ్లిన రెండో సాయంత్రం, టీచరే కబురు పంపింది, నెలవంక చూద్దురు రమ్మని. ఖుర్షిదా సంబరపడి అతనికి ఉతికిన చొక్కా తొడిగింది. హయాత్ కన్ను పెట్టి చూశాడు. అతనికి తెలిసిన వెంట్రుకంత గీత కాదది. అంచంతా గుంటలు, పగుళ్లు, ఎండకి కాలిపోయిన బీడులాగా ఉంది. వెంటనే పక్కకి జరిగాడు.

"ఇది వద్దమ్మా. ఇట్టాంటి నేలే రోజూ చూస్తన్నా. ఆ శనినే ఇంకోసారి చూపియ్యండి."

ఆమె చూపించింది. ఆ చలికాలం పోయేదాకా వారానికోసారైనా అతను బడికి వెళ్లి, పిల్లలంతా చూశాక చివర్న చూసేవాడు. దారిలో ఎవరన్నా పలకరిస్తే, పాదాలు చూసి పేరు పెట్టి పిలిచి, వలయం గురించి చెప్పేవాడు. కొందరు వినేవాళ్లు. కొందరు పాపం మతి పోయిందనుకునేవాళ్లు. చాలా ఏళ్ల తర్వాత అతని గొంతులో పాత పరుపుల కాలపు గట్టిదనం వినపడిందని ఖుర్షిదా అనేది.

వేసవి సెలవుల్లో జ్యోతిర్మయి టీచరుకి బదిలీ అయింది. టెలిస్కోపు ఆమె సొంతం, కాబట్టి తీసుకుపోయింది. పోయేముందు ఇంటికొచ్చి చెప్పింది.

"చలికాలంలో ఒకసారి వస్తాను హయాత్ గారూ. శని మళ్లీ సాయంత్రాల్లో కనపడతాడు."

"తప్పకుండా రండమ్మా," అన్నాడతను ఆమె చెప్పుల్ని చూస్తూ.

ఆమె నిజంగానే వచ్చింది. కానీ అప్పటికి అతని కాళ్లు పూర్తిగా పడిపోయాయి. మంచం మీద ముడుచుకుని, గోడ వైపు తిరిగి ఉన్నాడు. ఇంట్లోంచి ఆకాశం కనపడే చోటికి మోయాలని ఆమె, ఖుర్షిదా పట్టుకుని లేపబోతే కెవ్వున అరిచాడు. మెడ ఒకప్పుడు వాలిన చోటు నుంచి ఇంకా లోపలికి వాలి, గడ్డం రొమ్ముకి అంటుకుపోయింది. టీచరు టెలిస్కోపు పెట్టె తెరవకుండానే చివరి బస్సుకి వెళ్లిపోయింది. బస్సెక్కించడానికి వచ్చిన ఖుర్షిదా కూడా మెడ ఎత్తి తన వైపు చూడటానికి కొంచెం ఇబ్బంది పడటం టీచరు గమనించింది.

హయాత్ ఆ తర్వాత మరో ఏడాదిన్నర మంచం మీదే బతికాడు. వానాకాలం మొదట్లో పోయాడు. శవాన్ని కడిగేటప్పుడు బల్ల మీద చక్కగా పడుకోబెట్టడానికి ప్రయత్నించారు. తల ఆనిస్తే కాళ్లు లేచాయి, కాళ్లు ఆనిస్తే తల లేచింది. గట్టిగా నొక్కబోయినవాళ్లని ఖుర్షిదా తలుపు అవతల నుంచి కేకేసి ఆపింది. "వద్దు. ఎట్టా ఉన్నాడో అట్టాగే పంపించండి." శవానికి చుట్టే కఫను బట్ట సరిపోక ఇంకో ముక్క తెచ్చారు.

శ్మశానంలో గొయ్యి తవ్వేవాళ్లు మామూలు కంటే వెడల్పుగా తవ్వారు. ఎంత వెడల్పు కావాలో వాళ్లకి ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ ఊళ్లో అలాంటి గొయ్యి తవ్వడం వాళ్లకి కొత్త కాదు.