జీపు చక్రం కింద రాయి

మొన్న ఆదివారం పొద్దున మా మనవరాలి డ్రైవింగ్ క్లాసుకి నేనూ తోడు వెళ్ళాను. తోడంటే పెద్ద తోడేమీ కాదు లెండి, వెనక సీట్లో నోరు మూసుకుని కూర్చోవాలన్న షరతు మీద. ఈ మధ్యే పద్దెనిమిది నిండిన పిల్ల, అద్దం మీద ఎర్రటి ‘ఎల్’ అక్షరం అంటించిన చిన్న కారు, పక్కన చాలా ఓర్పు గల నడివయసు మాస్టారు. అమీర్‌పేట మెట్రో స్తంభాల కింద నుంచి మెల్లగా నడుపుకుంటూ పంజాగుట్ట చేరి, బంజారాహిల్స్ వైపు ఎక్కే ఎత్తు మీదకి వచ్చేసరికి ఎర్ర లైటు పడింది. “ఎత్తు మీద ముందుగాల హ్యాండ్ బ్రేక్ గుంజాలె బిడ్డా, గా తర్వాతనే కాలు తియ్యాలె” అన్నాడు మాస్టారు. మనవరాలు లాగింది. కిర్రుమని చప్పుడు వచ్చి కారు ఉన్నచోటనే నిలబడిపోయింది. అంతే, ఇంకేమీ జరగలేదు. నేను మాత్రం ముందు సీటు రెండు చేతులతో పట్టుకున్నాను. సుమారు ముప్పై ఏళ్ళ కిందట ఇదే ఎత్తు మీద, దాని తల్లి, అంటే మా అమ్మాయి, జీపు నడుపుతూ హ్యాండ్ బ్రేకు లాగితే ఈ చప్పుడు రాలేదు. రాకపోవడానికి కారణం నేను. ఆ సంగతి ఇన్నేళ్ళూ ఒప్పుకోకుండా తిరిగిందీ నేనే.

ఆ జీపు గురించి చెప్పకపోతే కథ అర్థం కాదు. ఊళ్ళు తిరిగి భూమిలో నీళ్ళెక్కడున్నాయో చూసి చెప్పే ఉద్యోగం నాది. వారానికి నాలుగు రోజులు రాళ్ళల్లో, వాగుల్లో, దారి అనేది లేనిచోట తిరిగే పని. తెనాలి వైపు నుంచి వచ్చి అమీర్‌పేటలో అద్దె ఇంట్లో కాపురం పెట్టిన కొత్తల్లో సైకిలు కూడా లేని నాకు ఆఫీసు జీపెక్కితే మహారాజులా ఉండేది. ఆ జీపు ముసలిదైపోయి వేలానికి వచ్చినప్పుడు, మా ఆవిడ ఎంత వద్దన్నా వినకుండా నేనే పాడుకుని ఇంటికి తెచ్చుకున్నాను. తలుపులు లేవు, వర్షమొస్తే కిందా పైనా తడవడమే, స్టీరింగు పావు చుట్టు తిప్పితే గానీ చక్రం మాట వినేది కాదు. అయితేనేం, చిన్న లివరు ముందుకు తోసి నాలుగు చక్రాలకీ బలం కలిపితే ఏ బురదలోంచైనా లేచి వచ్చేది. మా ఆవిడ దాన్ని దున్నపోతు అనేది. నేను రోషపడేవాణ్ణి.

దానికి ఒక్కటే లోపం, హ్యాండ్ బ్రేకు పట్టదు. లాగితే లివరు ఊరికే చేతిలోకి వచ్చేది. ఖైరతాబాద్‌లో మా మెకానిక్, నేను వెళ్ళినప్పుడల్లా “హ్యాండ్ బ్రేక్ జర చూడాలె సార్, రెండు దినాలు బండి ఇడిసి పోండ్రి” అనేవాడు. రెండు రోజులు జీపు వదిలి ఉండడమా! వచ్చేవారం చూద్దాం అనేవాణ్ణి. ఆ వచ్చేవారం ఏళ్ళ తరబడి రాలేదు. ఈలోగా నేనొక ఉపాయం పెట్టాను. ఏదో ఊరి వాగులోంచి ముక్కోణంగా ఉన్న నల్లరాయి ఒకటి ఏరుకొచ్చి జీపులో పడేశాను. బండి ఎక్కడ ఆపినా పక్క సీట్లో ఉన్నవాళ్ళు గభాల్న దిగి ఆ రాయి వెనక చక్రం కింద పెట్టాలి, బయలుదేరేటప్పుడు తీసి పైకెక్కాలి. మా ఇంట్లో అది అందరికీ అలవాటైపోయింది. పెళ్ళిళ్ళకి పట్టుచీరలో వచ్చి కూడా మా ఆవిడ తిట్టుకుంటూనే రాయి పెట్టేది. దసరాకి జీపుకి బొట్టుపెట్టి, రాయికీ పసుపు రాసి బొట్టు పెట్టేది. చూసినవాళ్ళు నవ్వేవారు, మేమూ నవ్వేవాళ్ళం. పాడైన దాన్ని బాగు చేయించుకోకుండా దానికి పూజ చేసుకున్న బుద్ధిమంతులం మేమే అయివుంటాం.

రాయి డ్యూటీ ఎక్కువగా మా అమ్మాయిది. ఎనిమిదేళ్ళ వయసు నుంచీ సెలవుల్లో నాతో ఊళ్ళు తిరిగేది, రాళ్ళు ఏరేది, ఇదేం రాయి అదేం రాయి అని ప్రాణం తీసేది. ఇంటరు అయ్యాక డిగ్రీలో జియాలజీ తీసుకుంటానంది. చుట్టాలందరూ ఆడపిల్లకి రాళ్ళేమిటని ముక్కున వేలేసుకుంటే, నా కూతురు నాలాగే జీపులో తిరుగుతుంది, మీకేం అని నేనే అన్నాను. తను కోరుకున్నదీ అదే. ఎవరో నడిపితే పక్కన కూర్చుని కాదు, సొంతంగా నడుపుకుంటూ కొండల్లోకి వెళ్ళాలి. అందుకే పద్దెనిమిది నిండిన వారంలోనే లెర్నింగ్ లైసెన్సు తీయించి, పొద్దున్నే అయిదున్నరకి లేపి నేర్పడం మొదలుపెట్టాను.

అప్పటికి మా పక్కనున్న ఎస్.ఆర్. నగర్ వీధులు పొద్దుటిపూట ఎంత ఖాళీగా ఉండేవో నా ఈడువాళ్ళకి చెప్పక్కర్లేదు. మేడల మీద హాస్టలు పిల్లల తువ్వాళ్ళు ఆరుతూ ఉండేవి, ఇడ్లీ బండివాళ్ళు అప్పుడే పొయ్యి వెలిగించేవారు. క్లచ్ అందక పిల్ల వీపు వెనక రెండు దిళ్ళు పెట్టుకునేది. గేరు మార్చాలంటే రెండుసార్లు క్లచ్ తొక్కాల్సిన బండి అది. నాకు ఆర్నెల్లు పట్టిన విద్య తనకి మూడు వారాల్లో వచ్చేసింది. ఇంజను చప్పుడు విని, నాన్నా ఇప్పుడు మూడో గేరు అడుగుతోంది అనేది. నాకు లోపల పొంగిపోతున్నా, ముందు చూసి నడుపు అని కసిరేవాణ్ణి. నా నోరు అలాంటిది.

ఆ జులైలో ఒకరోజు కుండపోతగా వాన కురిసి మా వీధి చెరువైపోయింది. స్కూటర్లన్నీ ఆగిపోయాయి, ఎదురింటి పెద్దావిడ కూరగాయల సంచీతో రోడ్డు మొదట్లో ఇరుక్కుపోయింది. మా అమ్మాయి నన్నడక్కుండానే చిన్న లివరు తోసి, మోకాలి లోతు నీళ్ళల్లోంచి జీపు తీసుకెళ్ళి ఆవిణ్ణి ఎక్కించుకొచ్చింది. ఆవిడ మా గుమ్మం ముందు దిగి, నీ బిడ్డ మస్తు నడుపుతది సారూ, నీకంటే నయం అంది. ఆ మాట వారం రోజులు మా ఇంట్లో మోగింది.

లైసెన్సు పరీక్ష సోమవారం అనగా శనివారం సాయంత్రం, ట్రాఫిక్కులో ఒకసారి తిప్పుదామని నేనే బయల్దేరదీశాను. పంజాగుట్టలో అప్పటికి ఫ్లైఓవర్ లేదు. ఎత్తు మధ్యలో సిగ్నల్ పడింది, ముందూ వెనకా బళ్ళు. వీధుల్లో అయితే నేను దిగి రాయి పెట్టేవాణ్ణి, నడిరోడ్డు మీద ఎలా దిగుతాను? పిల్ల కాలి బ్రేకు తొక్కిపట్టే ఉంది. పచ్చ లైటు పడగానే వెనక హారన్లు మొదలయ్యాయి. తను కాలు తీసి యాక్సిలరేటరు మీదకి మార్చేలోపు ఇంజను ఆగిపోయి జీపు వెనక్కి జారింది. నేనేమన్నానో తెలుసా? హ్యాండ్ బ్రేక్, హ్యాండ్ బ్రేక్ అని అరిచాను. అది పట్టదని లోకంలో అందరికంటే బాగా తెలిసిన మనిషిని. పిల్ల నా మాట నమ్మి శక్తికొద్దీ లాగింది. లివరు చప్పుడు లేకుండా పైకొచ్చేసింది. వెనకనున్న ఆటోకి తగిలి గానీ జీపు ఆగలేదు.

ఆటో ముందు మడ్‌గార్డు వంగింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు. పది మంది మూగారు. ఆటో అతను దిగొచ్చి, బండి ఎట్ల జారింది సార్, బ్రేకులు లేవా అని సూటిగా అడిగాడు. లేవు, తప్పు నాదే అంటే అయిపోయేది. ఇరవై ఏళ్ళు జీపు తోలిన ఆఫీసరుగారిని, పది మంది ముందు ఆ ముక్క నోటికి రాలేదు. “ఆడపిల్ల కదయ్యా, కొత్త. బ్రేకు తొక్కడం మర్చిపోయింది” అన్నాను.

పిల్ల నావంక చూసింది. ఆటో అతనే మెత్తబడి, ఫికర్ చెయ్యకు చెల్లే, అందరం గిట్లనే నేర్చుకున్నం అని మడ్‌గార్డు చేత్తో లాక్కుని వెళ్ళిపోయాడు. ముక్కూ మొహం తెలియనివాడికున్న పెద్దమనసు నాకు లేకపోయింది. దిగు, ఇటు రా అని తనని పక్క సీట్లోకి పంపి నేను స్టీరింగ్ పట్టుకున్నాను. అమీర్‌పేట దాకా ఆ రాయి తన కాళ్ళ దగ్గరే ఉంది. ఇంటి ముందు ఆపగానే అలవాటు ప్రకారం దిగి, రాయి చక్రం కింద పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది.

సోమవారం పరీక్షకి రానంది. భయపడిందనుకున్నాం. మళ్ళీ ఎప్పుడూ స్టీరింగ్ ముట్టలేదు. డిగ్రీ చివరి సంవత్సరంలో అందరితో పాటు మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సులో చేరింది, మంచి ఉద్యోగమే తెచ్చుకుంది, ఇవాళ్టికీ ఏసీ గదిలో కూర్చుని చేస్తోంది. ఆ రోజు వల్లే కొండలు వదిలేసిందని నేననలేను. కాదని కూడా అనలేను. అంతకంటే సిగ్గుపడే సంగతి ఇంకొకటుంది. పంజాగుట్టలో జీపు జారిన కథ మా చుట్టాల్లో పెద్ద హాస్యమైపోయింది. ప్రతి పెళ్ళిలోనూ ఎవరో ఒకరు, ఏమ్మా బ్రేకు ఏ కాలితో తొక్కాలో తెలిసిందా అనేవారు. తను నవ్వి ఊరుకునేది. నేనూ నవ్వేవాణ్ణి.

నాలుగేళ్ళ తర్వాత జీపు అమ్మేశాం. కొనడానికి వచ్చినాయనకి తాళాలిస్తూ, హ్యాండ్ బ్రేకు పట్టదండీ, ముందే చెప్తున్నాను, ఈ రాయి కూడా పట్టుకెళ్ళండి అన్నాను. తర్వాత ఆయనకేమైనా అయితే నన్నంటాడని. అప్పుడే మా అమ్మాయి ఆయనకి మంచినీళ్ళు తెచ్చి పక్కన నిలబడింది. నాకు ఆ స్పృహే లేదు.

మొన్న క్లాసు నుంచి వచ్చాక మనవరాలు, పంజాగుట్ట ఎత్తు మీద బండి అంగుళం జారలేదు, అమ్మా నీకంటే నేనే నయం అని గంతులేసింది. మా అమ్మాయి వంటింట్లో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ ఎప్పటిలాగే నవ్వింది. ఈసారి నాకు నవ్వు రాలేదు. మనవరాలిని అక్కడే కూర్చోమని, ఇద్దరి ముందూ చెప్పేశాను. ఆ రోజు తప్పు మీ అమ్మది కాదు, బాగు చేయించని బండి నాది, పరువు పోతుందని అబద్ధమాడిన నోరూ నాదే అని.

మా అమ్మాయి చేతులాపలేదు. ఇంకో రెండు కాయలు ఒలిచి, “తెలుసు నాన్నా. లాగింది నేనేగా. జీపు కొన్నాయనకి చెప్పావు కదా, నాకెప్పుడు చెప్తావా అని చూశాను” అంది.

కోపంగా అని ఉంటే బాగుండేది. ఇప్పుడైనా నేర్చుకోవే, నేను పక్కన కూర్చుంటాను అన్నాను. ఇప్పుడెందుకు నాన్నా, ఫోన్ నొక్కితే క్యాబ్ వస్తుంది అంది. నిజమే. ఆ ఎత్తు పక్కనే ఫ్లైఓవర్ లేచింది, నెత్తి మీద మెట్రో తిరుగుతోంది, ఎస్.ఆర్. నగర్ వీధుల్లో పొద్దున అయిదున్నరకి కూడా జీపు తిప్పే చోటు లేదు. ఎత్తు మీద తమంతట తామే ఆగే కార్లు వచ్చాయట. ఇప్పటి పిల్లలకి పక్కన రాయి పట్టుకుని దిగేవాళ్ళ అవసరం లేదు. ఆ రోజు పక్క సీట్లో రాయి పట్టుకోవాల్సినవాణ్ణి నేను. నా కూతురు ఇన్నేళ్ళూ నా నోటి నుంచి ఆ ఒక్క మాట కోసం కనిపెట్టుకుని కూర్చుంది. ఆ మాట పట్టుకుని నేను వచ్చేసరికి తనకి ఎక్కడికీ వెళ్ళాలని లేదు.