పక్కింటి పది

మా ఆయన రోడ్డు పనుల మీద ఓవర్సీరు. డెబ్భైల చివరి సంవత్సరాలవి. రోడ్డు ఎక్కడ వేస్తే అక్కడికి మా సామాను లారీ ఎక్కేది. నాయుడుపేటలో కొళాయి ఏ వేళకు వస్తుందో తెలిసేలోపల నగరి దగ్గరికి పొమ్మన్నారు. నగరిలో పాలామె నమ్మకం కుదిరి నీళ్ళు కలపడం మానేలోపల చంద్రగిరి అన్నారు. నాకు ఇద్దరు కూతుళ్ళు. ఇంటి సామానులో అన్నిటికంటే మోయలేనిది వాళ్ళ చదువే అయింది.

నాయుడుపేటలో పెద్దదాన్ని బడిలో చేర్చాము, ఏడాది మధ్యలోనే ఊరు మారాము. టీసీ ఇవ్వాల్సిన అయ్యవారు సెలవులో ఉన్నాడు. తర్వాత పంపిస్తామన్న ఆ కాగితం రానే లేదు. నగరి అవతల మేమున్న పల్లెలో ఒకటే బడి, అక్కడ చెప్పేది తమిళంలో. తెలుగు బడికి పోవాలంటే బస్సెక్కాలి, ఆ బస్సు వస్తే వచ్చినట్టు. మా ఆయన బాగా ఆలోచించి, నువ్వు ఎస్సెల్సీ చదివినావు గదా, ఇంట్లోనే చెప్పుకో అన్నాడు. పెళ్ళయినప్పటి నుంచి నా చదువు ఆయనకు గుర్తుకు రావడం అదే మొదటిసారి.

తెలుగూ సోషలూ ఇబ్బంది కాలేదు. కూర తరుగుతూ కథ మాదిరిగా చెప్పేసేదాన్ని. లెక్కల దగ్గరే ఆగిపోయాను. ఏ పుస్తకం పట్టుకోవాలో తెలియదు, అడిగితే తలా ఒక మాట చెప్పేవాళ్ళు. మద్రాసులో పనిచేసే మా మరిది ఒకసారి వస్తూ ఇంగ్లీషు పుస్తకం తెచ్చాడు. నున్నని కాగితం, రంగుల బొమ్మలు. అందులో పిల్లలు ఎప్పుడు చూసినా ఆపిల్ పళ్ళు పంచుకుంటూ ఉంటారు, పెన్నీలు ఇచ్చి కేకులు కొంటూ ఉంటారు. మధ్యాహ్నం గిన్నెలు తోముకున్నాక కూర్చుని పెన్నీలను పైసలు చేసి, కేకులను బొరుగుల ఉండలు చేసి తెలుగులో రాసిపెట్టేదాన్ని. పన్నెండు పెన్నీలైతే ఒక షిల్లింగు అని వచ్చిన చోట నా ఓపిక అయిపోయింది. చిన్నది బొమ్మలు కత్తిరించుకుంటానంటే ఇచ్చేశాను.

ఆ తర్వాత నగరి బజారులో సర్కారు వాచకం పాతది ఒకటి దొరికింది. అట్ట లేదు కానీ లోపల అన్ని పేజీలూ ఉన్నాయి. మొదటి పాఠమే సమితులు. మీసాల మాదిరి బ్రాకెట్లు గీసి, వాటి నడుమ ఆవు, మేక, గుర్రం అని రాయాలి. నేను చదివే రోజుల్లో అవి లేవు. ముందు నేను నేర్చుకుని తర్వాత పిల్లలకు చెప్పాలి. అన్నం ఉడికేలోపల ఒక పేజీ, పప్పు ఉడికేలోపల ఒక పేజీ అని నేర్చుకున్నాను.

ఆ పుస్తకం చూసి మా మామకు మనసు విరిగిపోయింది. మామ పల్లె బడిలో అయ్యవారుగా చేసి రిటైరైన మనిషి. అత్త పోయాక మాతోనే ఉన్నాడు, మాతోపాటే ఆయన ట్రంకుపెట్టె కూడా ఊళ్ళు తిరిగింది. మంచి మనిషి. అదే నాకు కష్టం, మంచివాళ్ళకు గట్టిగా ఎదురు చెప్పడానికి నోరు రాదు. "ఆవులన్నీ ఒగ గుంపు, మేకలన్నీ ఒగ గుంపు అని రాసేది లెక్కలెట్లవుతాదమ్మా? ఎక్కాలు రాకుండా ఈ గుంపులతో ఏం సేస్తారు?" అన్నాడు. ఆయన దృష్టిలో లెక్కలంటే ఎక్కాలు. ఇరవై దాకా మామూలు ఎక్కాలు, ఆ పైన పావు, అర, ముప్పావు ఎక్కాలు. బడిలో అడిగేది సర్కారు పుస్తకంలోంచే కదా మామా అని నేను. పుస్తకాలు మారతాయి, ఎక్కం మారదు అని ఆయన. ఇద్దరం చెప్పేదీ నిజమే. అందుకే అది తెగలేదు.

చంద్రగిరికి వచ్చాక మా ఆయన తిరుపతిలో ఒక ఆడపిల్లల బడికి పోయి కనుక్కొని వచ్చాడు. ఒకటో తరగతి నుంచి పది దాకా ఉన్న బడి. టీసీ లేదు కాబట్టి లెక్కల్లో పరీక్ష పెట్టి చూస్తామని, ఎంత వస్తే ఆ తరగతిలో కూర్చోబెడతామని హెడ్మిస్ట్రెస్ చెప్పిందట. వయసుకు పెద్దది ఆరులో ఉండాలి, చిన్నది నాలుగులో. లెక్కలు రాకపోతే పెద్దదీ నాలుగులోనే. ఈ మాట మా ఆయన భోజనం చేస్తూ పిల్లల ముందరే చెప్పాడు. ఎక్కడ ఏ మాట అనాలో ఆయనకు ఏనాడూ తెలియదు. అక్కా నేనూ ఒకే బెంచీ అని చిన్నది వీధంతా చెప్పుకొచ్చింది. పెద్దది అన్నం సగంలో వదిలేసి లేచింది. ఆ రోజు నుంచి ఆ పిల్ల పలక చంకలోంచి దించలేదు.

ఏ పద్ధతి పెట్టుకోవాలో చెప్పమని మా ఆయన్ని నిలదీశాను. రెండూ చెప్పండి, ఎక్కువ నేర్చుకుంటే పోయేదేముంది అన్నాడు. అట్లా పొద్దున నా లెక్కలు, సాయంత్రం మామ లెక్కలు అని పంచుకున్నాము. అది తీర్పు కాదని, తీర్పు చెప్పే ఓపిక లేకనే అట్లా వదిలేశామని నాకు అప్పుడే తెలుసు. పొయ్యి ముందు, నీళ్ళ దగ్గర, బట్టల దగ్గర తేల్చాల్సినవి బోలెడు ఉన్నాయి. ఇది ఒక్కటి దానంతట అది తేలుతుందేమో అనుకున్నాను.

తీసివేతల దగ్గరకు వచ్చాము. యాభై రెండులో ఇరవై ఏడు తీసెయ్యాలి. రెండులో ఏడు పోదు. నేను పుస్తకంలో ఉన్నట్టు చెప్పాను. పక్కింటికి పోయి ఒక పది చేబదులు తెచ్చుకో, ఇక్కడ పన్నెండు అవుతుంది, పన్నెండులో ఏడు పోతే ఐదు. పక్కింట్లో ఉన్న ఐదు ఇప్పుడు నాలుగైంది, నాలుగులో రెండు పోతే రెండు. జవాబు ఇరవై ఐదు. చేబదులంటే మా పిల్లలకు వేరే చెప్పనక్కర లేదు. ఊరు మారిన ప్రతిసారీ ఉప్పు దగ్గర నుంచి అగ్గిపెట్టె దాకా పక్కింట్లో అడిగి తెచ్చేది వాళ్ళే.

మామ పద్ధతి వేరు. ఆయన పక్కింటి ఐదును ముట్టుకోడు. పది తెచ్చుకున్నారు కాబట్టి తిరిగి ఇయ్యాలి, ఆ ఇచ్చేది కింద ఉండే రెండుకు కలుపు అంటాడు. రెండు మూడవుతుంది, ఐదులో మూడు పోతే రెండు. జవాబు ఆయనకూ ఇరవై ఐదే. ఇదేం పద్ధతి మామా అంటే, ఇరుగుపొరుగు దగ్గర తెచ్చుకున్న గిన్నె ఖాళీగా తిరిగి ఇస్తామా, ఏదో ఒకటి ఏసి ఇస్తాము గదా, అట్లే ఇది కూడా అని పిల్లకు చెప్పాడు. పిల్లకు ఆ మాట బాగా పట్టింది. మా ఇంట్లో అది నిజంగా ఉన్న అలవాటే. పక్కింటి గిన్నెలో పిడికెడు శనక్కాయలన్నా పోసి పంపేదాన్ని.

పొద్దున నా దగ్గర లెక్కలన్నీ సరిగ్గా చేసేది. సాయంత్రం మామ దగ్గరా సరిగ్గానే చేసేది. ఆదివారం ఇద్దరం వసారాలో కూర్చుని ఉండగా చేస్తే మాత్రం జవాబు పది తక్కువ వచ్చేది. ఇరవై ఐదు రావాల్సిన చోట పదహైదు. మనసు పెట్టి చెయ్యవే అని నేను కసిరేదాన్ని. ఆ గుంపుల పుస్తకం వల్లే పిల్ల తికమక పడతా ఉండాదని మామ గొణిగేవాడు. పలక మీదికి వంగి అది ఎట్లా చేసిందో ఇద్దరిలో ఒక్కరమూ చూడలేదు. ఆదివారం నాకు తలంటులు ఉంటాయి, పిండి రుబ్బేది ఉంటుంది. చూసే తీరిక లేదు.

పరీక్ష రోజు మా ఆయన పని చూడడానికి పైఅధికారి వచ్చాడు. నేనూ మామా పిల్లలను తీసుకుని బస్సులో తిరుపతికి పోయాము. చిన్నదానికి రెండు కూడికలు ఇచ్చి నాలుగులో రాసేసుకున్నారు. అది పోయి అప్పుడే బెంచీ కూడా చూసుకుని వచ్చింది. పెద్దదాన్ని హెడ్మిస్ట్రెస్ తన గదిలో బోర్డు ముందర నిలబెట్టింది. మేమిద్దరం గోడ వారన నిలబడ్డాము. ఎక్కాలు అడిగితే గడగడా చెప్పింది, మామ గొంతు సవరించుకున్నాడు. సమితి అంటే ఏమిటంటే చెప్పింది, నాకు ప్రాణం కుదుటపడింది. తర్వాత తీసివేత ఇచ్చింది. పది తక్కువ వచ్చింది. ఇంకోటి ఇచ్చింది. అదీ పది తక్కువే.

ఇన్నాళ్ళ చాకిరీ ఇంతేనా అనిపించి, పిల్ల మీద, మామ మీద, రోడ్ల మీద, అన్నిటి మీదా కోపం వచ్చింది. హెడ్మిస్ట్రెస్ మాత్రం కోపపడలేదు. బోర్డు దగ్గరికి పోయి అంకెలను బాగా చూసి, పైన ఒకటి తగ్గించి మళ్ళీ కింద ఒకటి ఎందుకు కలిపినావు అని అడిగింది.

"పైన తగ్గించేది అమ్మది, కింద కలిపేది తాతది," అంది నా కూతురు. "ఒకటే చేస్తే ఇంగొకరు బాధపడతారు."

దానికి రెండు పద్ధతులూ వచ్చు. ఏది ఎక్కడ ఆపాలో కూడా తెలుసు. మా ఇద్దరికీ నచ్చాలని తెలిసి తెలిసి తప్పు చేస్తూ వచ్చింది. రెండిట్లో ఏదైనా పర్వాలేదు, ఒకటే పెట్టుకుని చెయ్యమని హెడ్మిస్ట్రెస్ ఇంకో లెక్క రాసింది. పిల్ల సుద్దముక్క పట్టుకుని మా వైపు తిరిగింది.

"మీ అమ్మ సెప్పినట్టే సెయ్యి," అన్నాడు మామ.

సరిగ్గా ఆ క్షణానే, తాత చెప్పినట్టు చెయ్యమ్మా అన్నాను నేను. పెద్దమనసుతో అన్న మాట కాదది. గెలిచే ఓపిక కూడా లేక అన్నాను. పిల్ల ముఖం చూడలేకపోయాను. మళ్ళీ అదే ముడి వేశాము దానికి. సుద్దముక్క చేతిలోనే విరిగింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

హెడ్మిస్ట్రెస్ మమ్మల్నిద్దరినీ బయట కూర్చోమంది. వసారాలో బెంచీ మీద చెరొక చివర కూర్చున్నాము. మామ పైగుడ్డ అంచు మడత పెట్టి విప్పుతూ కూర్చున్నాడు. ఆయన ముసలివాడైపోయాడని నాకు ఆ రోజే తెలిసింది. లోపల బోర్డు మీద సుద్ద గీస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది, నడుమ ఎక్కడా ఆగలేదు.

కాసేపటికి హెడ్మిస్ట్రెస్ వచ్చి ఆరో తరగతిలో రాసుకున్నామని చెప్పింది. అన్ని లెక్కలూ సరిగ్గా చేసిందట. "మీరు పక్కన లేకుంటే బాగానే చేస్తుందమ్మా," అని నవ్వుతూ అంది. ఆమె మంచిగానే అంది. నాకు మాత్రం అది గుండెలో గుచ్చుకుంది. ఏ పద్ధతిలో చేసిందని అడగబోయి మామ ఆగిపోయాడు. నేనూ అడగలేదు.

చంద్రగిరి బస్సులో చిన్నది మామ ఒళ్ళో కూర్చుంది. పెద్దది నా పక్కన కిటికీ దగ్గర. ఊరు దాటాక నా వైపు చూడకుండానే, ఇంక ఇంట్లో లెక్కలు చెప్పరు గదమ్మా అని అడిగింది.

చెప్పను అన్నాను. తాత కూడానా అంది. తాత కూడా అన్నాను. అప్పుడు నా భుజం మీద తల పెట్టి, చంద్రగిరి వచ్చేదాకా ఒళ్ళు మరిచి నిద్రపోయింది.