గోడలో గొంతులు విన్న సుభద్ర టీచర్

దుబాయ్ శివార్లలోని జెబెల్ అలీ మీద దట్టంగా మంచు కమ్మిన ఉదయం అది. కంపెనీ బస్సులు దీపాలు వేసుకుని మెల్లగా పాకుతున్నాయి. ఫ్రీ జోన్‌లోని మా ఆఫీసుకు ఇంకా చేరుకోకముందే ఫోన్ మోగింది. చేసింది మా టీచర్ కిటికీ దగ్గరకు వచ్చిపోయే సరళమ్మ గారు.

"మేడమ్‌గారండి, టీచరమ్మగారు ఇవాళ కిటికీ తీయలేదండి. రెండు మూడుసార్లు పిలిచానండి. పలకట్లేదు" అన్నారు.

ఆ మాట విన్న క్షణంలోనే నాకు విషయం బోధపడింది. అయినా బస్సు దిగి, టాక్సీ ఎక్కి, ఆ ఇంటి ముందు నిలబడేదాకా మనసు ఒప్పుకోలేదు. మా గురువు, చరిత్ర అధ్యాపకురాలు, మధ్యయుగపు ఐరోపా స్త్రీల రచనల మీద తన జీవితాన్ని ధారపోసిన విదుషీమణి సుభద్ర గారు ఇహలోకాన్ని విడిచి వెళ్ళారు. ఆమెను ఎరిగినవారికి ఈ వార్త పిడుగుపాటు. ఎరగనివారికి ఆమె ఎవరో చెప్పడం శిష్యురాలిగా నా ధర్మం.

సుభద్ర గారిది రాజమండ్రి. భర్త ఇక్కడి ఓడరేవులో ఇంజినీరు. పిల్లలు లేరు. భర్త గుండెపోటుతో పోయాక కూడా ఆమె తిరిగి వెళ్ళలేదు. దుబాయ్‌లోని ఒక భారతీయ పాఠశాలలో చరిత్ర చెబుతూ ఉండిపోయారు. నేను ఆమె దగ్గర చదువుకున్నది అక్కడే.

పాఠ్యపుస్తకంలో మధ్యయుగపు ఐరోపా అంటే రాజులు, యుద్ధాలు, మహమ్మారి. టీచర్ వాటిని చకచకా ముగించేసి, ఆ కాలంలో కలం పట్టిన ఆడవాళ్ళ దగ్గరకు వెళ్ళిపోయేవారు. మఠాల్లో దీపం దగ్గర కూర్చుని గ్రంథాలకు నకళ్ళు తీసిన సన్యాసినులు, భర్త పోయాక కావ్యాలు రాసి పిల్లల్ని పోషించుకున్న వితంతువు, అక్షరం రాక తన జీవితకథను ఒక మతగురువు చేత రాయించుకున్న గృహిణి, తన పుస్తకంతో పాటు మంటలపాలైన సాధ్వి. ఆ సాధ్వి పుస్తకం మాత్రం పేరు లేకుండా శతాబ్దాల పాటు చేతులు మారుతూ బతికిందని చెప్పేటప్పుడు ఆమె గొంతు బాగా తగ్గిపోయేది. వినాలంటే మేము ముందుకు వంగాల్సి వచ్చేది.

"వాళ్ళలో చాలామందికి చర్చి భాష లాటిన్ ఎవరూ నేర్పలేదు. అది మన అదృష్టం. అమ్మతో మాట్లాడే భాషలోనే దేవుడితో మాట్లాడారు" అనేవారు.

అందరికన్నా ఆమెను పట్టి పీడించినవారు, అవును, ఆ మాటే సరైనది, పీడించినవారు వేరే ఉన్నారు. చర్చి గోడకు ఆనించి కట్టిన చిన్న గదిలోకి వెళ్ళి, తలుపు స్థానంలో ఇటుకలు పేర్పించుకుని, బతికినంతకాలం లోపలే ఉండిపోయిన స్త్రీలు. వీధివైపు ఒక చిన్న కిటికీ. ఊళ్ళో జనం ఆ కిటికీ దగ్గరకు వచ్చి కష్టం చెప్పుకునేవారు. ఆ గదుల్లోంచి పుస్తకాలు వచ్చాయి.

ఒకసారి తరగతి గదిలో సుద్దముక్కతో నేల మీద చతురస్రం గీసి నన్ను అందులో నిలబెట్టారు.

"కళ్ళు మూసుకో. ఏం వినిపిస్తోంది?"

"ఏసీ చప్పుడు టీచర్."

"దాని వెనక?"

"ఎవరో ఊపిరి తీస్తున్నారు."

"అది నువ్వే. దాని వెనక?"

ఇంకేదో వినబోతున్నానని నాకు అనిపించి చటుక్కున గీత దాటి బయటికి వచ్చేశాను. ఆమె కోప్పడలేదు. సుద్ద గీతను కాలితో చెరిపేసి, "మంచిదే, అందరూ లోపల ఉండనక్కర్లేదు" అన్నారు.

కోవిడ్ వచ్చిన సంవత్సరమే ఆమె పదవీ విరమణ చేశారు. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్ అనే పేటలో ఒక పాత భవనంలో కింది అంతస్తులో ఉండేవారు. ఊరంతా తలుపులు మూసుకున్నప్పుడు ఆమె కూడా మూసుకున్నారు. కొన్నాళ్ళకు ఆంక్షలు సడలించారు, జనం బయటికి వచ్చారు. ఆమె రాలేదు.

నేను కూరగాయలు తీసుకుని వెళ్ళి, "టీచర్, ఇప్పుడు బయటికి రావడానికి పర్మిట్ అక్కర్లేదు. కాసేపు నడుద్దాం రండి" అన్నాను.

"వద్దు మాధవీ. నాకు సరిపోయింది."

"ఏం సరిపోయింది?"

"స్థలం" అన్నారు ప్రశాంతంగా.

ఒంటరితనంతో మనసు దెబ్బతిందేమోనని మావారికీ నాకూ బెంగ పట్టుకుంది. తెలిసిన తెలుగు డాక్టరు గారిని తీసుకెళ్ళాం. ఆమె కాఫీ కలిపిచ్చి, ఆయన స్వస్థలం, చదువు అడిగి, హాయిగా ముచ్చటించారు. బయటికి వచ్చాక డాక్టరు గారు, "ఆవిడకేమీ లేదండి. నాకే అక్కడ కూర్చుంటే ఎలాగో ఉంది. ఆవిడ మధ్యమధ్యలో మాట ఆపి ఇంకెవరికో మాట్లాడే వంతు ఇస్తున్నారు" అన్నారు. వీసా పునరుద్ధరణకు తప్పనిసరిగా బయటికి వెళ్ళవలసి వచ్చినప్పుడు, కారెక్కింది మొదలు ఇంటికి చేరేదాకా ఆమె కళ్ళు తెరవలేదు. వేలిముద్రలు వేసే చోట నేనే చేయి పట్టుకుని నడిపించాను.

క్రమేణా ఆ కళ్ళే ఆమెను విడిచిపెట్టాయి. గ్లాకోమా. మందు చుక్కలతో ఆగలేదు. అప్పటికి ఆ స్త్రీల మీద తెలుగులో ఒక ఉద్గ్రంథం సగం రాశారు. మిగతా సగానికి నేను లేఖకురాలినయ్యాను. సెలవు మధ్యాహ్నాల్లో వెళ్ళేదాన్ని. బయట ఎండకు మనిషన్నవాడు కనబడేవాడు కాదు. ఆమె కుర్చీని పక్కగోడవైపు తిప్పుకుని, చాలాసేపు మౌనంగా ఉండి, ఒక నిండు వాక్యం చెప్పేవారు. దిద్దుబాటు ఉండేది కాదు. నాకు ఏదైనా మాట అందక మళ్ళీ చెప్పమంటే, "ఉండు, మళ్ళీ అడుగుతాను" అనేవారు. చెబుతాను అని ఏనాడూ అనలేదు. మొదట్లో వయసు వల్ల వచ్చిన పొరపాటనుకున్నాను.

ఒకనాడు ఆమె చెప్పిన భాగం ఇది. ఒక నేతగాళ్ళ ఊరు. మహమ్మారి వల్ల నగరద్వారాలు మూసేశారు. ఒక తల్లి వేరే ఊళ్ళో పనిమనిషిగా చిక్కుకుపోయింది. ఇంటి దగ్గర కూతురు జ్వరంతో పడి ఉంది. ఆ పిల్ల మంచినీళ్ళు అడగలేదు, మందు అడగలేదు. అమ్మ వచ్చి జడ వేయాలని అడిగింది. చివరికి పొరుగింటామె మంచం మీద కూర్చుని, "నేనే మీ అమ్మను, వచ్చేశాను" అని చెప్పి జడ అల్లింది. పిల్ల నిద్రపోయింది. మళ్ళీ లేవలేదు.

రాస్తూంటే నాకు కన్నీళ్ళు ఆగలేదు. ఇది ఏ పుస్తకంలోదని అడిగాను. ఆమె తరువాతి వాక్యం రాసుకోమన్నారు.

తరువాత కొద్ది రోజులకు కిటికీ దగ్గర ఒక కొత్త మనిషి నిలబడింది. ఆ కిటికీ భవనం వెనక కాలిబాటవైపు ఉంటుంది. చుట్టుపక్కల విల్లాల్లో పనిచేసే గోదావరి జిల్లాల ఆడవాళ్ళు ఆ దారినే బస్‌స్టాపుకు పోతారు. లోపల ఒక తెలుగావిడ ఉందని తెలిసి ఒకరిద్దరు అప్పటికే ఆగి పలకరిస్తున్నారు. ఈమె అమలాపురం వైపు మనిషి, పేరు సరళమ్మ. నేను ఆ గదిలోనే ఉన్నాను.

"మీరు వింటారంట గదండి. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదండి" అని మొదలుపెట్టారు. "కరోనా అప్పుడు విమానాలు ఆగిపోయినాయి గదండి. అప్పుడే మా పాప పోయిందండి. జ్వరంలో మా చెల్లిని ఒకటే అడిగిందంటండి, అమ్మొచ్చి జడేస్తే బాగుండునని. నేనేమో ఇక్కడ మామా గారింట్లో గిన్నెలు తోముతా ఉన్నానండి."

యజమానురాలిని ఇక్కడి పనివాళ్ళు మామా అంటారు. నేను గబుక్కున టీచర్‌వైపు చూశాను. టీచర్ మొహంలో ఏ ఆశ్చర్యమూ లేదు.

"మాధవీ, మొన్నటిది ఆవిడకు చదివి వినిపించు" అన్నారు.

చదివాను. సరళమ్మ గారు కిటికీ ఊచలు పట్టుకుని కదలకుండా విన్నారు. చదవడం పూర్తయ్యాక అడిగిన ప్రశ్న ఒక్కటే.

"జడేశారాండి?"

"వేశారు" అన్నారు టీచర్.

"మా అమ్మాయికి ఎవరూ వేయలేదండి. ఏసుంటే మా చెల్లి చెప్పేదండి."

"అడగండి."

ఆమె అక్కడే నిలబడి ఊరికి ఫోన్ చేశారు. స్పీకర్‌లో చెల్లెలి గొంతు మా అందరికీ వినబడింది. జడ సంగతి అడిగారు సరళమ్మ గారు. "ఎవరు చెప్పారే నీకు? పక్కింటి నాగమణి ఏసింది. నేనే మీ అమ్మనమ్మా, వచ్చేసానని చెప్పి ఏసింది. నీకు తెలిస్తే మరీ కుమిలిపోతావని చెప్పలేదు" అంది.

సరళమ్మ గారు కాలిబాట మీద అలాగే కూలబడి ఏడ్చారు. పాప పోయాక అదే మొదటిసారి ఏడవడమని ఆ తరువాత నాతో చెప్పారు. ఆమె వెళ్ళిపోయాక టీచర్, "ఆ పేజీ పుస్తకంలోంచి తీసెయ్" అన్నారు.

"ఎందుకు టీచర్? అంత గొప్పగా వచ్చింది."

"అది పుస్తకానికి చెప్పింది కాదు. ఆవిడకు అందజేయమని చెప్పింది."

"ఎవరు చెప్పింది?"

చూపులేని కళ్ళను నావైపు తిప్పి, "ఇంతకాలంగా రాస్తున్నావు కదా" అన్నారు.

ఈ సంగతి నోటినోటా పాకింది. ఒకామె కొబ్బరికాయ పట్టుకొచ్చింది. టీచర్‌కు కోపం రావడం నేను చూసింది అప్పుడే. "నేను అమ్మవారిని కాదు, సోదె చెప్పేదాన్ని కాదు. వినడం తప్ప నాకేమీ చేతకాదు. ఆ కాయ ఇంటికి తీసుకెళ్ళి పచ్చడి చేసుకో" అన్నారు. ఆమె దగ్గర తాయెత్తులు, జోస్యాలు లేవు. అలాంటి సంఘటన మళ్ళీ జరిగిందా అని అడిగితే, చెప్పవలసిన వాళ్ళకు చెప్పానన్నారు, అంతే.

ఆ మంచు ఉదయం పోలీసులు, అంబులెన్స్ వచ్చాక భవనం కాపలా చూసే నాతూర్ తలుపు తీశాడు. టీచర్ కుర్చీలోనే ఉన్నారు. తల పక్కకు వాలి, చెవి పక్కగోడకు ఆని ఉంది. మొహంలో ఏ బాధా లేదు. ఆసక్తి ఉంది. ఆమెను పడుకోబెట్టాక ఆ గోడను చూశాను. చెవి ఎత్తున, అరచేయంత మేర రంగు అరిగిపోయి, నూనె మరకతో నల్లగా, నునుపుగా ఉంది. ఏళ్ళ తరబడి తల ఆనిస్తే తప్ప అలా కాదు.

గోడకు అవతల ఎవరుంటారని నాతూర్‌ను అడిగాను.

"ఉధర్ కుఛ్ నహీ హై మేడమ్. ఖాలీ రేత్" అన్నాడు. అది భవనం చివరి గోడ. అవతల ఖాళీ స్థలం, ఇసుక.

రాజమండ్రిలో ఉన్న ఆమె తమ్ముడు గారికి ఫోన్ చేశాను. అంత్యక్రియలు ఇక్కడే జరపడానికి ఆయన అనుమతి కావాలి. ఆయన వెంటనే ఏడవలేదు. అయోమయంగా, "మళ్ళీనా అమ్మా?" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"అక్కయ్య కరోనా వచ్చిన ఏడాదే ఫోన్ చేసి చెప్పింది, ఇవాళ్టితో నేను పోయినట్టే అనుకో, గోదావరి ఒడ్డున చేయవలసిన కర్మలన్నీ చేసెయ్ అని. నేను ఒప్పుకోలేదు. రోజూ ఫోన్ చేసి బతిమాలింది. చివరికి కాదనలేక చేశాను. అప్పట్నుంచీ ఏటా తద్దినం పెడుతున్నాను. పెట్టిన రోజు ఫోన్ చేసి, అందిందిరా అనేది. ఇప్పుడు నన్నేం చేయమంటావు?"

చర్చి గోడ గదుల్లోకి వెళ్ళే ఆనాటి స్త్రీలకు గుమ్మం మూసేముందు మరణించినవారికి చదివే ప్రార్థనలు చదివేవారని ఆమె మాకు పాఠంలో చెప్పలేదు. పుస్తకంలో నా చేత రాయించారు. రాస్తున్నప్పుడు ఆ విషయం ఆమెకు ఎంత దగ్గరిదో నేను ఊహించలేకపోయాను. "మీరేమీ చేయనక్కర్లేదు బాబాయ్ గారూ, ఇక్కడ మేం చూసుకుంటాం" అన్నాను. అప్పుడు ఏడ్చారు ఆయన.

జెబెల్ అలీ శ్మశానవాటికకు నా సహాధ్యాయులు కొందరు వచ్చారు. కిటికీ దగ్గరకు వచ్చే ఆడవాళ్ళు యజమానుల దగ్గర పూట సెలవు అడుక్కుని వచ్చారు. అందరూ ఆమె మొహంలోకి చూసి ఒకరినొకరు చూసుకున్నారు. ఊచల వెనక నీడగా తప్ప వాళ్ళు ఆమెను ఎన్నడూ చూడలేదు.

"ఈవిడేనాండి?" అని అడిగింది ఒకామె. "గొంతైతే గుర్తుపడతానండి."

మాట అందకపోతే సరిచూసుకోవడానికని నేను ఫోన్‌లో రికార్డు చేసుకున్న భాగాలున్నాయి. ఒకటి పెట్టాను. టీచర్ గొంతు ఒక వాక్యం చెప్పింది. ఆగింది. ఆ దీర్ఘమైన నిశ్శబ్దంలో నాకు గది ఏసీ హోరు ఒక్కటే వినిపించింది. కాని ఆ ఆడవాళ్ళంతా తలలు వంచి శ్రద్ధగా వింటున్నారు. ఒకామె పెదవి కొరుక్కుంది. ఇంకొకామె "ఆయ్, అవునండి" అని మెల్లగా బదులిచ్చింది. ఆ తరువాతే టీచర్ రెండో వాక్యం వచ్చింది. ఏం విన్నారని నేను అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు. నిప్పు నా చేతులతోనే పెట్టాను.

ఆమె గ్రంథాన్ని మేమంతా కలిసి అచ్చు వేయిస్తాం. ఆమె చెప్పిన ప్రతి వాక్యమూ నా దగ్గర భద్రంగా ఉంది. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఉన్నదే నా దగ్గర లేదు. అది రాసుకోవడానికి నాకు చెవులు చాలలేదు. విని నాకు చెప్పగలిగిన ఆ ఒక్క మనిషీ వెళ్ళిపోయారు. మాకు చరిత్ర నేర్పిన ఆ తల్లి పాదాలకు సాష్టాంగ ప్రణామం.