కాజాలక్క సంతకం

ఇప్పుడు బ్యాంకులో ఖాతా తెరవాలంటే మంచం దిగక్కర్లేదు. ఫోను మొహం ముందు పెట్టుకుని రెండుసార్లు కళ్లార్పితే చాలు, టీ చల్లారేలోపు ఖాతా నంబరు వచ్చి పడుతుంది. మంచిదే, కాదన్నదెవరు? ఆ రోజుల్లో మాత్రం ఖాతా అంత తేలిగ్గా వచ్చి ఒళ్లో వాలేది కాదు. దరఖాస్తు కాగితం అడుగున ఒక గడి ఉండేది. ‘ఈ మనిషి నాకు తెలుసు’ అని, అప్పటికే ఆ బ్యాంకులో ఖాతా ఉన్నవాళ్లెవరో అందులో సంతకం పెట్టాలి. అది లేకపోతే నువ్వెంత కష్టజీవివైనా గుమ్మం బయటే.

కూలిపని చేసుకునేవాళ్లుండే ఒక సందులో నలభై ఇళ్లుంటే ముప్ఫై తొమ్మిదిళ్లకి బ్యాంకు గుమ్మం ఎటువైపుందో కూడా తెలియదు. మిగిలిన ఒక్క ఇల్లూ కాజాలక్కది.

కాజాలక్క అంటే దర్జీ దుకాణాలవాళ్లు కుట్టి పంపిన చొక్కాలకి చేత్తో కాజాలు తీసి, గుండీలు కుట్టే మనిషి. అసలు పేరు మొగుడికైనా గుర్తుందో లేదో అనుమానమే. గుమ్మం పక్కన వెలుతురు పడేచోట చాప వేసుకుని కూర్చుంటే రోజుకి పది పన్నెండు చొక్కాలు. లోపలివైపు తిప్పి చూసినా కుట్టు పైవైపు ఉన్నట్టే ఉండేది. ఆ సంగతి ఆవిడకీ బాగా తెలుసు. పని బాగుందని ఎవరైనా అంటే మొహమాటానికి కూడా కాదనేది కాదు.

ఆవిడకి ఖాతా రావడం ఒక వింత. ఆవిడకి చొక్కాలు పంపేవాళ్లలో యూనిఫాంలు కుట్టించే యజమాని ఒకాయన ఒక పెద్ద కంపెనీ పని ఒప్పుకున్నాడు. పనివాళ్ల కూలి బ్యాంకులోనే వెయ్యాలని ఆ కంపెనీ పట్టుబట్టింది. ఆయన సణుక్కుంటూ ఆవిడ దరఖాస్తు మీద, ఆవిడ మొహమైనా చూడకుండా, సంతకం గీకి పడేశాడు. ఇక ఆవిడ తన సంతకం నేర్చుకోవాలి. ఆయన దగ్గరి కటింగు మాస్టరు నల్లగుడ్డ మీద సుద్దతో పేరు రాసిచ్చాడు. ఆవిడ కలం జోలికి పోలేదు. ముందు ఆ గీతల మీదుగా సూదితో కుట్టింది. నాలుగుసార్లు కుట్టి, చేతికి దారి తెలిశాక అప్పుడు కలం పట్టింది. అయినా బ్యాంకులో నమూనా కార్డు మీద సంతకం పెట్టడానికి పావుగంట పట్టింది. అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డట్టు వచ్చాయి.

“కానివ్వమ్మా, తొందరేం లేదు,” అన్నాడు కొత్త ఖాతాలు చూసే బట్టతల గుమస్తా. ఆయన మంచివాడు. ఆ మాట ఆవిడ చచ్చేదాకా మరిచిపోలేదు.

ఆ ఏడే సందులో చీటీల మనిషి రాత్రికి రాత్రే బిచాణా ఎత్తేశాడు. ఇస్త్రీ బండివాడు పిల్ల చెవి ఆపరేషనుకని దాచుకున్నదంతా వాడితోపాటే పోయింది. అతను మర్నాడు బండి తియ్యలేదు. మూడోరోజు కాజాలక్క గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

“అక్కా, నీకు బ్యాంకుందట కదా. నన్ను కూడా అందులో పడెయ్యి.”

“బ్యాంకు మీ తాతదీ నా తాతదీ కాదురా పడెయ్యడానికి. ముందు ఆ చొక్కా విప్పు.”

“చొక్కా ఎందుకే?”

“ఊరందరి చొక్కాలూ ఇస్త్రీ చేస్తావు. నీ చొక్కాకి రెండు గుండీల్లేవు. మేనేజరు ముందు అలా నిలబడతావా?”

అలా మొదలైంది. ఇస్త్రీవాడి తరవాత నీళ్ల డబ్బాలు మోసే అన్నదమ్ములు, నాలుగిళ్లలో గిన్నెలు తోమే అమ్మాయి, చెప్పులు కుట్టే తాత. ఎవరొచ్చినా ముందు వాళ్లింటికి వెళ్లి వచ్చేది. ఎవరుంటారు, ఎన్నాళ్ల నించి ఉంటున్నారు, ఎవరికైనా టోపీ పెట్టారా అని మొహం మీదే అడిగేది. పోలీసులైనా అంత ఆరా తియ్యరు. నచ్చకపోతే నిర్మొహమాటంగా పొమ్మనేది. నచ్చితే గుండీలు కుట్టి, వెంటబెట్టుకుని వెళ్లి, సంతకం పెట్టేది. వాళ్ల దగ్గర టీ నీళ్లు కూడా ముట్టేది కాదు. చొక్కాల పని సగం పూట పోయిందని ఇంటికొచ్చి మాత్రం విసుక్కునేది.

మొగుడు చెవినిల్లు కట్టుకుని పోరేవాడు. “వాళ్లలో ఎవడైనా ఏదైనా వెలగబెడితే నీ పీకకి చుట్టుకుంటుందే. అడ్డమైన కాగితాల మీదా సంతకాలు పెడతావేం?”

“తెలిసినవాళ్లని తెలుసంటే తప్పా?” అనేది ఆవిడ, దారం పళ్లతో కొరుకుతూ.

తొమ్మిదేళ్లలో రెండు వందల పైచిలుకు సంతకాలు. ఇవతలి సందు అయిపోయి అవతలి సందువాళ్లూ రావడం మొదలుపెట్టారు. ప్రతిసారీ కార్డు తీసి సంతకం పోల్చి చూడాలని రూలు. బట్టతల గుమస్తా కార్డు తీసేవాడు కాదు, ఆవిడ మొహం చూసేవాడు. “ఇవాళ ఎవర్ని పట్టుకొచ్చావమ్మా?” అని నవ్వేవాడు. ఆ హాల్లో ఫ్యాను కిర్రుమనే చప్పుడూ, జిగురు వాసనా, దారంతో కట్టేసిన కలం, అన్నీ ఆవిడకి సొంతింటి సామానైపోయాయి. ఎంత బాగుండేవో ఆ మధ్యాహ్నాలు.

ఆవిడ తన ఖాతాలో మాత్రం వెయ్యడమే గానీ ఒక్కసారీ తియ్యలేదు. ఆ డబ్బు కూతురి చదువుకి. కూతురు కోరుకున్నట్టే నర్సింగు కాలేజీలో సీటు వచ్చింది. ఉత్తరం మాత్రం ఆలస్యంగా వచ్చింది. అది వచ్చిన రోజే సాయంత్రం నాలుక్కల్లా ఫీజు కట్టకపోతే సీటు తరవాతివాళ్లకి వెళ్లిపోతుంది. బ్యాంకు కౌంటరు రెండుకి మూస్తారు. తల్లీకూతుళ్లు ఒంటిగంటకి పరుగున వెళ్లేసరికి బట్టతల గుమస్తా కుర్చీ ఖాళీగా ఉంది. బదిలీ అయి వారమైందట.

డబ్బులిచ్చే కౌంటరులో కొత్తాయన కార్డు తీశాడు. కార్డు చూశాడు, ఆవిడ ఇచ్చిన డబ్బు తీసే కాగితం చూశాడు.

“ఇది మీ సంతకం కాదమ్మా.”

కార్డు మీద అక్షరాలు తూలుతున్నాయి. కాగితం మీద ఆవిడ అప్పుడే పెట్టిన సంతకం గుండ్రంగా, గబగబా ఒక్క ఊపులో సాగిపోయింది. ఊళ్లోవాళ్ల కోసం పెట్టీ పెట్టీ ఆవిడ చెయ్యి తిరిగిపోయింది!

“నాదేనండీ. అప్పుడు రాదు, ఇప్పుడు వచ్చింది.”

“అయితే అప్పటిలాగే పెట్టండి.”

కలం తీసుకుంది. చెయ్యి వణికించి చూసింది, ఆగి ఆగి రాసింది, కుడిచేత్తో కుదరక ఎడంచేత్తో రాసింది. రానప్పటి రాత ఇక రాదు. నాలుగు కాగితాలు పాడయ్యాయి. వెనకాల వరసలో ఎవరో సణిగారు. కూతురు గోడ గడియారం వంక చూసి తల దించుకుంది. ఆ తల దించుకోవడం చూసి కాజాలక్క కలం కింద పెట్టేసింది.

మేనేజరు గదిలోకి వెళ్తే ఆయన నెమ్మదిగానే చెప్పాడు. కొత్త కార్డు మీద సంతకం ఇవ్వచ్చు. “అయితే ఈవిడ ఫలానా అని మా ఖాతాదారు ఎవరైనా చెప్పాలి. మీకు తెలిసినవాళ్లున్నారా?”

రెండు వందలమంది ఉన్నారు. ఆ వేళకి ఒక్కొక్కళ్లూ ఒక్కో పనిలో ఉంటారు. ఇస్త్రీవాడు బండి దగ్గర, గిన్నెల అమ్మాయి ఎవరింట్లోనో. వెళ్లి పిలుచుకొచ్చేలోపు రెండు దాటిపోతుంది. పైగా ఇన్నేళ్లలో ఆవిడ వాళ్లనేదీ అడిగి ఎరగదు.

“నేనున్నానుగా,” అంది గుమ్మంలోంచి ఒక గొంతు.

ఆకుకూరలమ్మే పిన్ని. ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని, డబ్బు వేద్దామని వచ్చి, వరసలో నిలబడి అంతా వింది. ఆవిణ్ని బ్యాంకుకి తెచ్చింది కాజాలక్కే.

కౌంటరు గుమస్తా వెనకే వచ్చాడు. “సార్, ఈమెది వేలిముద్ర ఖాతా. సంతకం రానామె ఇంకొకరి సంతకానికి సాక్షా?”

మేనేజరు గుమస్తా వైపు చూశాడు. “రూల్లో ఖాతాదారు అనే ఉందయ్యా. చదువుకున్నవాళ్లు అని లేదు.” పిన్ని వైపు తిరిగాడు. “ఈవిడ నీకెలా తెలుసమ్మా?”

పిన్ని బుట్ట కింద పెట్టింది.

“పాతికేళ్లుగా ఆకుకూరలమ్ముతున్నానయ్యా. వీధివీధికీ తెలుసు నా గొంతు. తలుపు తీసినవాళ్లందరూ నా బుట్టలోకే చూశారు. ఈ పిల్ల నన్నిక్కడికి తెచ్చి నిలబెట్టి, ‘ఈమె నాకు తెలుసు’ అంది. ఆ మాట నా గురించి అంతకుముందు ఎవరూ అనలేదు. ఇప్పుడు నేనంటున్నా, రాసుకో. ఈ పిల్ల నాకు తెలుసు.”

సిరాదిమ్మె మీద బొటనవేలు అద్ది కాగితం మీద నొక్కింది. గుమస్తా ఆమె పాత కార్డు తెచ్చి, భూతద్దం పెట్టి, గీత గీతా పోల్చాడు. పిన్ని వేలు అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

“సరిపోయింది సార్,” అన్నాడు.

కాజాలక్కకి ఏడుపు ఆగలేదు. రెండు వందలసార్లు తాను ఊరికే రాసిచ్చాననుకున్న మాట. అవతలివాళ్ల చెవికి అదెలా వినపడుతుందో ఆవిడకి అప్పటిదాకా తెలియనే తెలియదు. మేనేజరు ముందు, కూతురి ముందు, పిన్ని భుజం పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది.

“ఏడుపు తరవాత అమ్మాయ్, రెండవుతోంది,” అని పిన్ని కసిరి, కలం చేతిలో పెట్టింది.

కాజాలక్క కళ్లు తుడుచుకుని కొత్త కార్డు దగ్గరికి లాక్కుంది. ఎక్కడా తడబడకుండా, ఒక్క ఊపులో, తన పేరు రాసింది.